తిరగేసి చూడు: ఆలేరు సీమ బట్ట తన గుణం చెప్పుకున్న కథ

1889లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పట్టాలు సికింద్రాబాదు నుంచి వరంగల్లు మీదుగా బెజవాడ దాకా చేరాయి. ఆలేరు ఆ దారిలో ఒక స్టేషన్. సరిగ్గా అదే ఏడాది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం సరుకుల మీద వేసే గుర్తుల గురించి ఒక చట్టం చేసింది. మిల్లు నుంచి బయటికి వచ్చే ప్రతి థాను మీద దాని పొడవు ఎన్ని గజాలో అందరికీ కనబడేలా అచ్చు వేయాలని అందులో ఉంది. ఆలేరు నిజాం ఇలాకా కాబట్టి ఆ చట్టం ఇక్కడ చెల్లదు. కానీ రైలెక్కి వచ్చిన మిల్లు గుడ్డ ఆ అచ్చుతోనే దిగింది. కొనేవాడు మూరలు వేసి కొలుచుకోవలసిన పని తప్పింది. పొడవెంతో గుడ్డే చెబుతోంది.

మగ్గం గుడ్డకు అలాంటి అచ్చు లేదు. నేసినవాడో, మోసుకొచ్చి అమ్మినవాడో నోరు విప్పి చెప్పాలి. అప్పటిదాకా తరతరాలుగా అలాగే నడిచింది. రైలు వచ్చాక ఆ మాటకు పోటీగా ఒక రాత వచ్చింది. అక్కడి నుంచి నేటి సెల్‌ఫోన్ తెర మీద చీర బొమ్మ పక్కన కనబడే గుణాల పట్టిక దాకా, ఈ సీమ చేనేత చరిత్రలో సగం నేత చరిత్ర అయితే మిగతా సగం నేసినదాని గుణం చెప్పుకోవడానికి పడిన పాట్ల చరిత్ర. ఆ రెండో సగం గురించి రాసినవాళ్లు తక్కువ.

ఆలేరు హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే రోడ్డు మీద, యాదగిరిగుట్ట దాటాక వస్తుంది. 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిసేదాకా నల్గొండ జిల్లాదే. పక్కనే కొలనుపాక. కల్యాణి చాళుక్యుల నాటి శాసనాలు, సోమేశ్వరాలయం, జైన మందిరం ఉన్న పాత పట్నం. చుట్టూ చెల్క భూములు. వానను నమ్ముకున్న పంటలు. సేద్యం ఎప్పుడూ పూర్తిగా నిలబెట్టని ఈ నేలలో పద్మశాలీల ఇళ్లలో గుంట మగ్గం ఆడుతూ వచ్చింది. దక్షిణాన పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం, వెల్లంకి, ఇటు ఆలేరు, దాని చుట్టుపక్కల పల్లెలు. దారానికి ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే చిటికి నేత (ఇక్కత్) అంటే దేశం ఇప్పుడు ముందుగా తలుచుకునే ఊళ్లలో ఇవి ఉంటాయి.

గుణాన్ని అంకెల్లో చెప్పడం తెల్లవాళ్లు నేర్పిన విద్య అనుకుంటే పొరపాటు. తెలుగు సాలెవాళ్లకు పుంజం లెక్క ఉండేది. పుంజం అంటే పడుగులో 120 పోగులు. ఒకే వెడల్పు ఉన్న రెండు బట్టల్లో ఒకటి 14 పుంజాలది, ఇంకొకటి 36 పుంజాలది అయితే మొదటిదాంట్లో 1,680 పోగులు, రెండోదాంట్లో 4,320. రెండోదానికి ఎంత సన్నని నూలు కావాలో, ఎంత దగ్గరగా పన్నెలో ఎక్కించాలో, ధర ఎందుకు ఎక్కువో వేరే చెప్పనక్కర్లేదు. బట్ట మంచిది, మెత్తనిది, గట్టిది అనే మాటల్లో అమ్మేవాడి ఇష్టం ఉంటుంది. పుంజాల లెక్కలో ఉండదు. అనుమానం ఉన్నవాడు పోగులు లెక్కపెట్టుకోవచ్చు.

కోస్తా రేవుల్లోకి దిగిన కంపెనీలు ఈ లెక్కనే పట్టుకున్నాయి. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టారు, డచ్చివాళ్లు వాళ్లకంటే కొద్దిగా ముందే వచ్చారు. వాళ్ల ఒప్పందాల్లో బట్ట పొడవు, వెడల్పు, పుంజాలు రాసి ఉండేవి. పక్కన ఒక నమూనా గుడ్డ. నేత పూర్తయి కోఠీకి వచ్చిన థానును ఆ నమూనా పక్కన పరిచి మొదటి రకం, రెండో రకం అని విడదీసేవారు. నమూనాకు తగ్గినదాన్ని తిప్పి పంపేవారు, లేదా ధర కోసేవారు. పట్టిక స్పష్టంగానే ఉంది. కానీ దాన్ని రాసింది కొనేవాడు. సరిపోయిందో లేదో తేల్చేదీ వాడే. బయానా తీసుకుని నూలు కొన్న సాలెవాడికి ఎదురు చెప్పే చోటు లేదు. గుణాల జాబితా ఎంత చక్కగా ఉన్నా, కలం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న దాన్ని వదలదని ఆ కోఠీల చరిత్ర చూపిస్తుంది.

ఆ కలం పోను పోను ఎంత పదునెక్కిందో 1866లో తెలిసింది. లండన్‌లోని ఇండియా మ్యూజియంలో పనిచేసిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ వస్త్రాల మీద 18 సంపుటాలు తయారు చేయించాడు. అవి బొమ్మల పుస్తకాలు కావు. అసలు బట్టల ముక్కలే కత్తిరించి అంటించిన 700 నమూనాలు. ఏది తలపాగా, ఏది చీర, ఏది లుంగీ, ఎక్కడిది, పొడవెంత, వెడల్పెంత, బరువెంత అన్న వివరాలు వాటితో ఉండేవి. మొత్తం 20 ప్రతులు తయారైతే 13 బ్రిటన్‌లోనే ఉంచారు, 7 భారతదేశానికి పంపారు. ఇక్కడివాళ్లు ఏం కట్టుకుంటారో, ఏ బట్టలో ఏ గుణం చూసి కొంటారో అక్కడి మిల్లుదారులకు చూపించడం ఆ పని ఉద్దేశాల్లో ఒకటి. సరుకు గుణాలను ఇంత పద్ధతిగా, ఇంత నిజాయితీగా పేర్చిన పట్టిక ఆ శతాబ్దంలో మరొకటి దొరకడం కష్టం. దానివల్ల ఆ బట్టలు నేసినవాళ్లకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

మాంచెస్టర్ గుడ్డ వచ్చేటప్పుడు గజాల అచ్చుతో పాటు రంగురంగుల కాగితపు చీటీ కూడా అంటించుకుని వచ్చేది. లక్ష్మి, కృష్ణుడు, ఏనుగు, పులి, రాజులు. చదువు రానివాడు కూడా ఆ బొమ్మను గుర్తుపెట్టుకుని మళ్లీ అదే రకం అడిగేవాడు. గుడ్డ గురించి ఆ బొమ్మ చెప్పేది సున్నా. పోయినసారి కొన్నది చినగలేదు కదా అన్న నమ్మకాన్ని మాత్రం మోసుకొచ్చేది. పేరున్న గుర్తుకు ఉన్న బలం అదే, బలహీనత కూడా అదే. చీటీ అలాగే ఉండి లోపలి గుడ్డ పలచబడితే పట్టుకునేదెవరు?

ఇదే కాలంలో తెలుగు నేతలో గుణాన్ని మరో దారిలో చెప్పిన బట్ట ఒకటుంది. తేలియా రుమాలు.

చీరాలలో పేరు తెచ్చుకుని, తర్వాత నల్గొండ పల్లెలకు చేరి, పుట్టపాకలో నిలబడ్డ రుమాలు అది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి మళ్లీ నానబెడతారు. ఈ ఒక్క పనికే రెండు వారాలు దాటుతుంది. నూనె పట్టిన నూలు అలిజరిన్ ఎరుపును గట్టిగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు. ఈ మూడు రంగులతో పడుగు, పేక రెండింటినీ చిటికి కట్టి, రెండూ కలిసే చోట బొమ్మ తేలేలా నేస్తారు. నలుచదరపు గుడ్డ. కట్టుకుంటే లుంగీ, చుట్టుకుంటే తలపాగా, కప్పుకుంటే దుప్పటి. నిజాం జనానాలో దుపట్టాగా కూడా వాడారు.

ఈ రుమాళ్లు చీరాల నుంచి ఏడెన్, అరబ్బు దేశాలు, తూర్పు ఆఫ్రికా, బర్మా దాకా ఓడల్లో పోయాయి. ఎండలో తల చల్లగా ఉంటుందని, ఇసుక గాలికి అడ్డు నిలుస్తుందని, ఎన్ని ఉతుకులకూ రంగు దిగదని దీనికి పేరు. కొనేవాడికి ఈ మాటల్లో దేన్నీ ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేదు. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. వాసన ఉంటే నూనె పట్టింది, నూనె పడితే రంగు నిలుస్తుంది. నకిలీవాడు గళ్లను, బొమ్మలను దించగలడేమో కానీ రెండు వారాలు నానబెట్టిన గుణాన్ని ఒక్క రోజులో తేలేడు. వాసనే ఆ సరుకు హామీ పత్రం. పరదేశపు కొనుగోలుదారు అభిరుచి కూడా నేతలోకి ఎక్కింది. మొదట్లో గళ్లు, చుక్కలు, రేఖలు ఉన్నచోట పోను పోను సింహాలు, ఏనుగులు, గడియారాలు, విమానాలు దిగాయి. 1955లో భారత వస్త్ర చరిత్ర పత్రిక మొదటి సంచికలో పుపుల్ జయకర్ ఈ చిటికి బట్టల గురించి వ్యాసం రాసేనాటికి పాత ఎగుమతి మార్గాలు సన్నగిల్లాయి. ఎవరూ పట్టించుకోని బట్టలని ఆమె వాటిని పరిచయం చేయవలసి వచ్చింది.

ఎగుమతి సంగతి అది. ఊరి అంగడిలో బేరం ఇంకోలా నడిచేది. మగ్గం గుడ్డ కొనే మనిషికి కొన్ని పరీక్షలు ఇంట్లోనే వచ్చేవి. అంచు నుంచి పోగు లాగి కాలిస్తే నూలైతే కాగితంలా బూడిద అవుతుంది, పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. బొటనవేలు తడిచేసి రుద్దితే రంగు దిగేదీ దిగనిదీ తేలిపోతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పేక ఎక్కడ వదులైందో కనబడుతుంది. చిటికి చీరకు అన్నిటికన్నా సులువైన పరీక్ష ఒకటుంది. అమ్మేవాళ్లే దాన్ని ముందుగా చెబుతారు: “తిరగేసి చూడు అక్కా, రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది.” నేతకు ముందే దారానికి రంగు పట్టించారు కాబట్టి చిటికి బట్టకు వెనక అంటూ ఉండదు. గుడ్డ మీద అద్దిన అచ్చుకు వెనక్కి తిప్పితే రంగు వెలవెలబోతుంది. రెండు రంగులు కలిసే చోట కూడా తేడా తెలుస్తుంది. చిటికిలో ఆ గీత కొద్దిగా చెదిరి, ఈక అంచులా ఉంటుంది. అచ్చులో కత్తితో కోసినట్టు ఉంటుంది.

ఇందులో అమ్మే మాట, సరిచూసుకునే పద్ధతి కలిసే ఉన్నాయి. రెండు వైపులా ఒకేలా ఉంటుందన్నది బట్ట లక్షణం. ఒకవైపు మాసినా, అంచు తిరగబడినా తప్పుగా కనబడదన్నది కట్టుకునే మనిషికి దక్కే మేలు. అసలుదో నకిలీదో అక్కడే తేలడం కొనేవాడికి దక్కే భరోసా. ఇన్నింటినీ ఒక్క వాక్యంలో ఇమిడ్చిన ప్రకటన ఏ కంపెనీ రాయించుకోలేదు. అంగడిలో నిలబడి రోజంతా గొంతెత్తి అమ్మిన మనుషుల నోట అరిగి అరిగి తేలిన వాక్యం అది.

చిటికి పని రుమాలు నుంచి చీరకు, నూలు నుంచి పట్టుకు మారాక బజారు ఊరు దాటింది. పోచంపల్లికి 1951 ఏప్రిల్ 18న వినోబా భావే రావడం, ఆ ఊరి భూస్వామి రామచంద్రారెడ్డి భూమిలేనివాళ్లకు 100 ఎకరాలు ఇస్తాననడంతో భూదానోద్యమం మొదలై ఆ ఊరి పేరు దేశమంతా వినిపించింది. తర్వాతి దశాబ్దాల్లో అదే పేరు చీర మీదికి ఎక్కింది. ఢిల్లీలోనో బొంబాయిలోనో కొనే మనిషి నేసినవాడి మొహం చూడదు. పోగు లాగి కాల్చనివ్వరు. పేరు చూసి కొంటుంది. పేరుకు గిరాకీ పెరిగాక మరమగ్గాల మీద, అచ్చు యంత్రాల మీద అవే బొమ్మలు దిగాయి. అసలు చీర ధరలో చిన్న వంతుకే అదే పేరుతో అమ్ముడుపోయాయి. నోటిమాట పనిచేసే దూరం దాటిపోయాక నేతగాళ్లకు అచ్చు గుర్తులు కావలసి వచ్చాయి.

అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 2004లో సెంట్రల్ సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో సిల్క్ మార్క్. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేసినా 2003 సెప్టెంబరులో గానీ అమల్లోకి రాలేదు. అది వచ్చిన తొలి రోజుల్లోనే పోచంపల్లి చేనేత సహకార సంఘం, పట్టు చీరల తయారీదారుల సంఘం కలిసి దరఖాస్తు చేశాయి. డార్జిలింగ్ టీ, ఆరన్ముల కన్నాడి వెనకాలే, నమోదు పుస్తకంలో నాలుగో నంబరుతో పోచంపల్లి ఇక్కత్ నిలిచింది. 2006 జూన్‌లో హ్యాండ్లూమ్ మార్క్, 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినం నాడు, ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ వచ్చాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇన్ని గుర్తులు ఉంటే కొనేవాళ్లకు అంతా తెలిసిపోవాలి. తెలియడం లేదు, ఎందుకంటే ఒక్కో గుర్తు ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. సిల్క్ మార్క్ ఇది నిజమైన పట్టేనంటుంది. మరమగ్గం మీద నేసిన అసలు పట్టుకూ ఆ గుర్తు ఉండొచ్చు. హ్యాండ్లూమ్ మార్క్ ఇది చేతిమగ్గం మీద నేసిందని చెబుతుంది, ఎక్కడ నేశారో చెప్పదు. భౌగోళిక గుర్తింపు ఫలానా సీమలో ఫలానా పద్ధతిలో తయారైందని చెబుతుంది, ఈ ఒక్క చీర నేత గట్టిదా వదులా అన్నది దాని పని కాదు. ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ నాణ్యత వైపు చూస్తుంది. చీర కొంగుకు నాలుగు చీటీలు వేలాడుతున్నా, ఏ చీటీ దేనికి పూచీ పడుతోందో దుకాణంలో విడమరిచి చెప్పేవాళ్లు లేకపోతే అవన్నీ పాత మాంచెస్టర్ లక్ష్మి బొమ్మల్లాగే మిగిలిపోతాయి. ఇది చేనేతకు జరుగుతున్న నిజమైన నష్టం. గుర్తు సంపాదించడానికి ఏళ్లు పోరాడిన సంఘాలు, ఆ గుర్తు అర్థాన్ని కొనేవాళ్లకు చేర్చడానికి అందులో పదో వంతు శ్రమ పెట్టినా పరిస్థితి మారుతుంది.

చీర అమ్మకం తెర మీదికి వచ్చాక ఈ విడమరిచే పని పూర్తిగా రాతదే అయింది. ముట్టుకోవడం లేదు, వాసన లేదు, వెలుతురుకు ఎత్తడం లేదు. 2018 జనవరి నుంచి ప్యాకెట్ సరుకుల నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ దుకాణాలు కూడా తయారీదారు పేరు, పరిమాణం, గరిష్ఠ ధర చూపించాలి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు సరుకు ఏ దేశానిదో కూడా చెప్పమన్నాయి. ఈ నిబంధనలు అడిగేవి ఇలాంటి వివరాలే. చీర గురించి అసలు చెప్పవలసినది చాలావరకు వాటికి బయట ఉంది.

చాలా ఆన్‌లైన్ దుకాణాల్లో చిటికి చీర కింద కనబడే వరుసలు చూస్తే ఒక అలవాటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సంప్రదాయ వైభవం, రాజసం, అద్భుతమైన పనితనం, ఏ వేడుకకైనా తగినది. ఈ మాటలు ఏ చీర కిందనైనా అతుకుతాయి, అందుకే ఏ చీర గురించీ ఏమీ చెప్పవు. సరిచూసుకోవడానికి వీలున్న మాటకు ఉన్న విలువ వేరు. పడుగు పట్టా నూలా, పేక ఏది, చిటికి పేకకే కట్టారా పడుగుకూ కట్టారా, రవిక గుడ్డతో కలిపి పొడవెంత, మొదటి ఉతుకులో రంగు దిగుతుందా, చేత్తో ఉతకొచ్చా. దాని పక్కన చీర వెనకవైపు ఫొటో ఒకటి. అంగడి వాక్యం చేసిన పని ఆ ఫొటో చేస్తుంది. డబుల్ ఇక్కత్ అని పెద్ద అక్షరాల్లో రాసి ఊరుకుంటే, ఆ మాట తెలియని కొనుగోలుదారు మనసులో మిగిలేది ధర ఎక్కువన్న సంగతి ఒక్కటే. పడుగు, పేక రెండింటినీ విడివిడిగా కట్టి రంగులద్దారు, రెండూ కలిసే చోట పోగు పక్కకు జరిగినా బొమ్మ చెదిరిపోతుంది, అందుకే ధర ఎక్కువని రాస్తే ఆ ధరకు కారణం కూడా ఆమె చేతికి వస్తుంది.

ఇక్కడ ఆలేరు మండలానికే చెందిన ఒక ఉదాహరణ ఉంది. అది చీర కాదు, చీరకు ముందు వాడే సాధనం. సరుకు వల్ల కలిగే మేలును ఎలా చెప్పాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

చిటికి కట్టాలంటే ముందు పేక దారాన్ని ఆసు మీద పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉన్న చట్రం అది. దారాన్ని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ వెనక్కి, పక్క మేకుకు, ఇలా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు కదులుతుంది. కదలికకు మీటరు దూరం. అంటే చీరకు 9 కిలోమీటర్లు, రోజుకు రెండు చీరలకు పోస్తే 18. కూర్చున్నచోటనే, ఒకే భుజం మీద. ఈ పని చాలా ఇళ్లలో ఆడవాళ్లది. భుజం పట్టేయడం, మోచేయి నొప్పి, చూపు లాగడం వాళ్లకు వయసుతో పాటు వచ్చే సంగతులుగా జమకట్టేశారు.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఈ పనే చేసేవారు. ఆరో తరగతితో చదువు ఆపి మగ్గమెక్కిన మల్లేశం, అమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం కోసం చెక్కలు, మోటార్లతో కుస్తీ మొదలుపెట్టారు. డబ్బు అయిపోయింది. ఊళ్లో మాటలు పడ్డారు. హైదరాబాదు పోయి కరెంటు పనులు చేసుకుంటూ మిగిలినదాంతో ఒక్కో భాగం చేసుకుంటూ పోయారు. దారాన్ని మేకుల చుట్టూ తిప్పే చివరి కదలిక ఒకటి ఎంతకూ కుదరలేదు. బాలానగర్‌లో పనికి పోయిన చోట ఒక యంత్రంలో తనకు కావలసిన కదలిక కనబడింది. 1999 ఫిబ్రవరికి యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరు పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం.

ఈ యంత్రం వల్ల కలిగే మేలును కొనబోయే ఇంటికి ఎలా చెప్పారో చూడాలి. చేత్తో ఒక చీర ఆసుకు నాలుగైదు గంటలు పడితే యంత్రం మీద గంటన్నర. రోజుకు రెండు చీరలకు పోసే ఇంట్లో ఆరేడు చీరలకు పోయొచ్చు. దారం ఎక్కించాక దాని పక్కన కూర్చోనక్కర్లేదు. 9,000 సార్లు చెయ్యి ఆడించే పని ఇక లేదు. ఇందులో మోటారు ఎంత శక్తిది, ఏ లోహంతో చేశారు అన్నవి ముందు వరుసలో లేవు. గంటలు, చీరలు, చెయ్యి, భుజం. ఆసు పోసే మనిషి రోజూ తన ఒంటితో కొలుచుకునే కొలతల్లోనే చెప్పిన గుణాలు అవి. కంపెనీ కోఠీల్లో పట్టిక కొనేవాడు రాశాడు. మిల్లు చీటీలు అమ్మేవాడు రాశాడు. శారాజీపేట పట్టిక ఆ పని చేసి చేసి అలసిన ఇల్లు రాసింది. అందుకే దానిలో ఒక్క అలంకారమూ అవసరం పడలేదు.

తర్వాత యంత్రానికి ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చారు. పల్లె సృజన సంస్థ ద్వారా సంగతి బయటి లోకానికి తెలిసింది. 2009లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పురస్కారం, 2017లో పద్మశ్రీ వచ్చాయి. 2019 జూన్‌లో రాజ్ రాచకొండ దర్శకత్వంలో, ప్రియదర్శి ప్రధాన పాత్రలో ‘మల్లేశం’ సినిమా విడుదలైంది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చింది నేతకు. నేతకు ముందు జరిగే, ఎవరి కంటికీ ఆనని పనిని తేలిక చేసినందుకు మల్లేశానికి వచ్చింది. ఈ సీమ నేతలో ఆడవాళ్ల వాటా ఎంతో జాతీయ స్థాయిలో ఇంత స్పష్టంగా కనబడిన సందర్భాలు అరుదు.

ఇప్పుడు చీర దగ్గరికి వస్తే ఒక చిక్కు ఉంది. ఆసు యంత్రం మీద పోసిన దారంతో నేసిన చీర చేనేతేనా? చట్టం ప్రకారం అనుమానం లేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం మరమగ్గం కాని మగ్గాన్నల్లా చేతిమగ్గం అంటుంది. లెక్కలోకి వచ్చేది మగ్గమే. అంతకుముందు దారం ఎలా సిద్ధమైందన్న దాని మీద ఆ నిర్వచనం ఆధారపడదు. ఆసు తర్వాత చిటికి కట్టేదీ, రంగులో ముంచేదీ, విప్పేదీ, నేసేదీ చేతులే. అయినా అమ్మకపు రాతల్లో ఆసు యంత్రం ఊసు దాదాపు కనబడదు. యంత్రం అన్న మాట వినబడితే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారేమోనన్న భయం కొంత, మొదటి నుంచి చివరిదాకా చేతిపని అన్న మాట వినసొంపుగా ఉంటుందన్న ఆశ కొంత.

ఆ భయం అక్కర్లేదు. చీర గుణాల వరుసలో దారం, పొడవు, ఉతికే పద్ధతి పక్కన ‘ఆసు: యంత్రం మీద, చిటికి, అద్దకం, నేత: చేతితో’ అన్న వరుస చేర్చడంలో దాచవలసింది ఏమీ లేదు. యంత్రం చేసిన పనిని చేతిపని లెక్కలో కలపకుండా ఉండటం కొనేవాళ్లకు చెల్లవలసిన నిజం. ఆ చీర వెనక ఒక ఆడమనిషి భుజానికి రోజుకు 18 కిలోమీటర్ల తిప్పట తప్పిందని చెప్పుకోవడం నేతవాళ్లకు దక్కవలసిన గౌరవం. ఆలేరు, పోచంపల్లి, పుట్టపాక సంఘాలు తమ చీరల వివరాలను తామే రాసుకునే వీలు ఇప్పుడు ఉంది. కోఠీ గుమాస్తా లేడు, మిల్లు ఏజెంటు లేడు. సంఘంలో ఫోన్ చేతపట్టి చీరల ఫొటోలు తీసి వివరాలు ఎక్కిస్తున్న కుర్రవాళ్లు చాలామంది ఆసు శబ్దం వింటూ పెరిగినవాళ్లే. ఆ వరుసను ఎలా రాయాలో వాళ్లకు వేరెవరూ నేర్పనక్కర్లేదు.